ఈమ్ ఊరి బావికి పూల పలక కట్టాం: నా అనుభవం

ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ కొండ ప్రాంతంలో ఎండాకాలం మొదలైతే ఊరూరా బావులకు అలంకరణ చేస్తారు. బావి అంటే మన దిగుడుబావి అనుకోవద్దు. ఒక చోట ఊట, ఒక చోట రాతి తొట్టి, ఇంకో చోట పాత కుళాయి. కొన్ని చోట్ల నీళ్ళు ఎప్పుడో ఆగిపోయి రాళ్ళు మాత్రమే మిగిలాయి. దాని వెనక మనిషెత్తు చెక్క పలక నిలబెడతారు. పలక నిండా తడి బంకమట్టి, మట్టిలో ఒత్తిన పూరేకులు, ఆకులు, గింజలు, నాచు. వాటితోనే ఒక పెద్ద బొమ్మ తయారవుతుంది. రంగు డబ్బా ముట్టుకోరు. ఓ వారం ఉంచి తీసేస్తారు.

టిస్సింగ్టన్ అనే ఊళ్ళో ఇది అన్నిటికన్నా పాతది అంటారు. 1349లో నల్ల మృత్యువు అనే ప్లేగు చుట్టుపక్కల జనాన్ని ఊడ్చుకుపోతుంటే తమ ఊరి నీళ్ళు మంచివి కాబట్టే బతికామని మొక్కుకున్నారని ఒక కథ. 1615 కరువులో అన్ని ఊటలూ ఎండినా తమవి ఎండలేదని కృతజ్ఞతగా మొదలుపెట్టారని ఇంకో కథ. ఏది నిజమైనా నీళ్ళ విలువ మాత్రం నిజం. ఇక్కడ కింద అంతా సున్నపురాయి. వాన ఎంత కురిసినా నేల పైన నిలవదు, లోపలికి జారిపోతుంది. యూల్‌గ్రేవ్ ఊరికి 1829లో గొట్టాల నీళ్ళు వచ్చినప్పుడు ఆ కొత్త నీళ్ళ తొట్టికే పూలు కట్టి పండగ చేసుకున్నారు. కుళాయికి పూలు కట్టారంటే అంతకుముందు ఆ ఊరి ఆడవాళ్ళు ఎంత దూరం నుంచి నీళ్ళు మోశారో ఊహించుకోవచ్చు.

మేం షెఫీల్డ్‌లో ఉంటాం. ఈమ్ అక్కడికి ఇరవై కిలోమీటర్లు ఉంటుందేమో. హనుమకొండ నుంచి అమ్మావాళ్ళు వచ్చినా, పిల్లల స్నేహితులు వచ్చినా తీసుకెళ్ళే ఊరు అది. 1665-66లో ప్లేగు వచ్చినప్పుడు పక్క ఊళ్ళకు పాకకుండా తమను తామే మూసేసుకున్న ఊరుగా దానికి పేరు. మేం కూడా అందరిలాగే ఫోటోలు తీసుకుని, కాఫీ తాగి వచ్చేసేవాళ్ళం. ఒక ఆగస్టులో అక్కడి నోటీసు బోర్డు మీద ఒక చీటీ కనిపించింది. బావి పలకకు పూరేకులు ఒత్తడానికి మనుషులు కావాలి, అనుభవం అక్కర్లేదు అని. కింద ఫోన్ నంబరు. చేశాను. అవతల ఒక పెద్దావిడ. మాది ఈ ఊరు కాదండీ, ఫర్వాలేదా అని అడిగితే, "చేతులున్నాయి కదమ్మా, వచ్చేయి. పాత బట్టలు వేసుకో. మీ పెరట్లో హైడ్రేంజియా ఉంటే కోసుకుని రా" అన్నారు. బతుకమ్మ పేర్చిన చేతులు. పూల పని అనగానే కాలు నిలవలేదు నాకు.

అయితే నేను వెళ్ళేసరికి పూల పని ఇంకా చాలా దూరంలో ఉంది. ముందు చెక్క. పలకలను కొన్ని రోజులు నీళ్ళలో ముంచి ఉంచుతారు. పొడి చెక్క మీద మట్టి మెత్తితే మట్టిలో తడంతా చెక్క లాగేసుకుంటుంది, మట్టి బీటలు వారి రాలిపోతుంది. నానిన పలక ఎంత బరువో చెప్పలేను, నలుగురు మగవాళ్ళు రొప్పుతూ మోసుకొచ్చి బల్లల మీద పడుకోబెట్టారు. పలక లోపలంతా వందల కొద్దీ మేకులు, తలలు కొద్దిగా పైకి వదిలేసి. మట్టిని పట్టుకునేది అవే.

తర్వాత మట్టి. బంకమట్టిని గుల్లలు లేకుండా, రాళ్ళు లేకుండా ఏరి, నీళ్ళు పోసి, ఉప్పు కలిపి తొక్కుతారు. ఉప్పెందుకంటే తడి ఆరిపోకుండా. ఆ తొక్కే పని పిల్లలది. చెప్పులు విప్పేసి, ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి, పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో దిగి అరగంటసేపు గంతులేశారు. మా చిన్నది కూడా దిగింది. ఒక ముసలాయన, చేతిలో గరిటె, తొట్టి పక్కనే నిలబడి మధ్యమధ్యలో ఒక ముద్ద తీసి వేళ్ళ మధ్య నలిపి చూస్తున్నాడు. ఆయన సరే అనేదాకా ఎవరూ బయటికి రావడానికి లేదు. ఆయనకు వాళ్ళ నాన్న నేర్పాడట. ఎంత నీళ్ళు, ఎంత ఉప్పు అని ఎక్కడా రాసి లేదు. అడిగితే, "వేలికి అంటుకోవాలి కానీ వేలి వెంట రాకూడదు" అన్నాడు.

ఆ మట్టిని గుప్పెళ్ళతో మేకుల మధ్యకు విసిరి కొడతారు, గట్టిగా, గాలి బుడగ మిగలకుండా. అంగుళం మందం వచ్చాక పైన అద్దంలా నున్నగా లాగుతారు. అప్పుడు బొమ్మ గీసిన కాగితాన్ని పలకంత పొడవున మట్టి మీద పరిచి, గీతల వెంట పిన్నుతో సన్నగా పొడుచుకుంటూ పోతారు. కాగితం తీస్తే మట్టి మీద చుక్కల బొమ్మ.

బొమ్మ ఏమిటన్న దాని గురించి ఆ ఏడాది మొదట్లో పెద్ద చర్చే జరిగిందట. నాకు అక్కడ పనిచేస్తూ విన్న మాటల్లో తెలిసింది. మళ్ళీ ప్లేగు బొమ్మే వేద్దాం, చూడ్డానికి వచ్చేవాళ్ళు దానికోసమే వస్తారు అని కొందరు. చాలు, ఈ ఊరికి పద్నాలుగు నెలల ప్లేగు చరిత్రే ఉందా అని మరికొందరు. చివరికి నీళ్ళ తొట్టి దగ్గర బిందె నింపుకుంటున్న ఒక పిల్ల బొమ్మ ఖాయమైంది. ఈమ్‌లో 1588లోనే కొండ ఊటల నీళ్ళను గొట్టాలతో ఊళ్ళోకి తెచ్చి వరసగా రాతి తొట్లు కట్టుకున్నారు. మొత్తం ఇంగ్లండ్‌లోనే ఒక ఊరు ఊరంతటికీ నీళ్ళు అమర్చుకున్న తొలి ఏర్పాట్లలో అది ఒకటి. ఆ తొట్లలో కొన్ని ఇప్పటికీ రోడ్డు పక్కన ఉన్నాయి. నేను ఎన్నిసార్లు వాటి పక్క నుంచి నడిచానో, ఒక్కసారీ ఆగి చూడలేదు. ఎవరూ చెప్పరు కదా మరి.

ప్లేగుకు ముందు, తర్వాత కూడా ఆ ఊరు బతికింది సీసం మీద. చుట్టూ కొండల్లో సీసపు గనులు. తవ్విన ముడి సీసంలో చర్చి అధికారికి ఒక వాటా వెళ్ళేది కాబట్టి ఈమ్ చర్చిలో ఉద్యోగం చాలా లాభసాటిది. తర్వాత పట్టునేత వచ్చింది, చెప్పుల తయారీ వచ్చింది. అవన్నీ పోయాయి. పని చేస్తూ పక్కన కూర్చున్న ఒకావిడ వాళ్ళ అమ్మమ్మ చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసేదని, ఆ తోలు వాసన వంటింట్లోకి కూడా వచ్చేదని చెప్పింది. చర్చి ఆవరణలో పన్నెండు వందల ఏళ్ళ నాటి రాతి శిలువ ఉంది, సాక్సన్ల కాలం నాటిది, చుట్టలు చుట్టుకున్న తీగలతో చెక్కినది. ఇంత ఉండి కూడా ఊరి పేరు ఎత్తితే ప్లేగే. వాళ్ళ బాధ నాకు అర్థమైంది.

అయినా ఆ కథ చెప్పకుండా ఈ ఊరి గురించి రాయడం కుదరదు. పైగా అక్కడ చేతులు మట్టిలో పెట్టి కూర్చున్నాకే ఆ కథ నాకు సరిగ్గా తలకెక్కింది.

1665 ఆగస్టు చివర లండన్‌లో ప్లేగు విజృంభిస్తోంది. అక్కడి నుంచి ఈమ్‌లో అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ అనే దర్జీ ఇంటికి గుడ్డల మూట వచ్చింది. తడిగా ఉందని పనివాడు జార్జ్ వికర్స్ విప్పి పొయ్యి ముందు ఆరేశాడని చెప్పుకుంటారు. సెప్టెంబరు 7న అతను చనిపోయాడు. ఆ ఇల్లు ఇప్పటికీ చర్చి పక్కనే ఉంది, ముందు ఆకుపచ్చ బోర్డు ఉంటుంది. వికర్స్ తర్వాత అదే నెల 22న ఇంటావిడ మేరీ చిన్న కొడుకు ఎడ్వర్డ్, నాలుగేళ్ళు. అక్టోబరు 2న పెద్ద కొడుకు జోనథన్, పన్నెండేళ్ళు. భర్త హాడ్‌ఫీల్డ్ మరుసటి ఏడాది ఆగస్టులో. మేరీ ఒక్కతే మిగిలింది. ఆమె వైపు బంధువులు మొత్తం పదమూడు మంది పోయారు. పక్కింటికి మరో బోర్డు, ఆ పక్క ఇంటికి మరొకటి. ఆ ఇళ్ళల్లో ఈరోజు జనం కాపురాలున్నారు, కిటికీలో పిల్లల బొమ్మలు కనిపిస్తాయి.

చలికాలంలో తగ్గినట్టే తగ్గి 1666 ఎండాకాలంలో తిరగబెట్టింది. అప్పటి రెక్టర్, అంటే ఊరి చర్చి పెద్ద, విలియం మాంపెస్సన్, వయసు ముప్పై లోపే, ఊరికి కొత్త. జనానికి అతనంటే పెద్దగా గిట్టదు. వాళ్ళకు ఇష్టమైనవాడు అంతకుముందున్న థామస్ స్టాన్లీ. రాజుగారి కొత్త చర్చి చట్టానికి తలొగ్గనందుకు 1662లో స్టాన్లీ లాంటివాళ్ళను పదవుల నుంచి తప్పించారు. ఇద్దరూ మతం విషయంలో ఎదురెదురు పక్షాలు. ఆ ఇద్దరూ కలిసి కూర్చుని ఊరి ముందు మూడు మాటలు పెట్టారు. చనిపోయినవాళ్ళను చర్చి ఆవరణకు తేకుండా ఇంటివాళ్ళే దగ్గర్లో పూడ్చుకోవాలి. చర్చికి తాళం వేసి ప్రార్థన బయట, కకెట్ డెల్ఫ్ అనే లోయలో, కుటుంబాలు దూరందూరంగా నిలబడి చేసుకోవాలి. ఊరి హద్దు దాటి ఎవరూ వెళ్ళకూడదు.

తిండి? అది చాట్స్‌వర్త్‌లో ఉండే డెవన్‌షైర్ ఎర్ల్ అనే ప్రభువు పంపే ఏర్పాటు జరిగింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సరుకులు తెచ్చి హద్దుల దగ్గర పెట్టి వెళ్ళేవాళ్ళు. పక్క ఊరు స్టోనీ మిడిల్టన్ వెళ్ళే దారిలో పొలాల మధ్య ఒక రాయి ఉంది, దాని పైన గుంటలు తొలిచి ఉంటాయి. ఆ గుంటల్లో వెనిగర్ పోసి నాణేలు వేసేవాళ్ళు, డబ్బుతో పాటు జబ్బు వెళ్ళకూడదని. ఊరికి పైన కొండ మీద ఇంకో చోటుంది, మాంపెస్సన్ బావి అంటారు. అక్కడ పారే నీళ్ళలో డబ్బు ఉంచేవాళ్ళు. సూక్ష్మక్రిమి అన్న ఊహే లేని రోజుల్లో ఈ జాగ్రత్తలు. మూడున్నర శతాబ్దాల తర్వాత మనం గుమ్మం బయట పాల ప్యాకెట్లు కడుక్కున్న రోజులు తలుచుకుంటే ఆ రాయి ముందు చాలాసేపు నిలబడాలనిపిస్తుంది. ఆ గుంటల అంచులు ఇప్పుడు నున్నగా అరిగిపోయాయి. వేలు పెడితే లోపలికి జారుతుంది.

ఈమ్ కథ చెప్పేటప్పుడు ఎక్కువగా మాంపెస్సన్ ప్రసంగం, అతని త్యాగం అని చెబుతారు. నాకు అది సగం కథగానే అనిపిస్తుంది. అతను తన ఇద్దరు పిల్లల్ని ఊరు మూయకముందే యార్క్‌షైర్‌కు పంపించేశాడు. తల్లిదండ్రులెవరైనా చేసే పనే, తప్పు పట్టను. స్తోమత ఉన్న కొన్ని కుటుంబాలు కూడా ముందే వెళ్ళిపోయాయి. అంటే ఆగిపోయినవాళ్ళలో చాలామంది వెళ్ళడానికి వేరే చోటు లేనివాళ్ళు. మాంపెస్సన్ భార్య కేథరిన్ మాత్రం పిల్లలతో వెళ్ళకుండా భర్త దగ్గరే ఉండిపోయింది, రోగులను చూసింది, 1666 ఆగస్టు 25న చనిపోయింది. చర్చి ఆవరణలో శిలువకు దగ్గర్లోనే ఆమె సమాధి. ఏటా అక్కడ పూలు పెడతారు.

రైలీ పొలంలో ఎలిజబెత్ హాంకాక్‌కు ఆ పూలు లేవు, ఆ ప్రసంగాలూ లేవు. అదే ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లల్నీ ఒక్కతే పూడ్చుకుంది. జబ్బు అంటుతుందని ఎవరూ దగ్గరికి రాలేదు. కాళ్ళకు గుడ్డ కట్టి ఈడ్చుకెళ్ళిందంటారు. తర్వాత షెఫీల్డ్‌లో ఉన్న ఇంకో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. పొలం మధ్య చిన్న రాతి గోడ చుట్టు, లోపల ఆ సమాధి రాళ్ళు. ఊరికి కిలోమీటరు కూడా ఉండదు. ఈమ్ వెళ్ళినవాళ్ళు చర్చి దగ్గరే ఆగిపోతారు, దయచేసి అక్కడిదాకా నడవండి.

నేను పలక దగ్గర కూర్చున్న రోజుల్లో చూసింది పనుల పంపకం. ఎవరు పూలు కోసుకురావాలి, ఎవరు టీ పెట్టాలి, రాత్రి తాళం ఎవరిది, నానిన పలక ఎవరి ట్రాలీ మీద వస్తుంది, వాన వస్తే తార్పాలిన్ ఎవరి ఇంట్లో ఉంది. ఇవేవీ ఒక్కరు చెప్పగా జరగలేదు. ఏళ్ళ తరబడి ఎవరి పని వాళ్ళకు తెలుసు. అప్పుడు తట్టింది. 1666లో కూడా ఇదే కదా జరిగి ఉండాలి. హద్దు రాయి దగ్గరికి ఆ పూట ఎవరు వెళ్ళాలి, వెనిగర్ ఎవరింట్లో ఉంది, తల్లి పోయిన పసిబిడ్డను ఎవరు తీసుకోవాలి, గుంత ఎవరు తవ్వాలి. గుంతలు తవ్విన మనిషి పేరు మార్షల్ హో అని నిలిచింది. జబ్బు వచ్చి తేరుకున్నవాడు కాబట్టి భయం లేకుండా ఎవరూ లేని శవాలను పూడ్చాడు. తర్వాత అతని భార్యా కొడుకూ పోయారు. మిగతా పనులు చేసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఒక ప్రసంగంతో పద్నాలుగు నెలలు గడవవు. ఏ రోజు పని ఆ రోజు చేసుకుపోయినవాళ్ళ వల్లే గడిచాయి. ఈ మాట నేను ఆ ముసలాయనతో అన్నాను. ఆయన మట్టి గరిటె పక్కన పెట్టి, "మా అమ్మ కూడా అదే అనేది" అన్నారు.

ఇక పూల పని. ముందు గీతలు వేయాలి. ఆల్డర్ చెట్టు నల్లని చిన్న కాయలను చుక్కల వెంట ఒకదాని పక్కన ఒకటి ఒత్తుతారు. కొన్ని చోట్ల కాఫీ గింజలు, మిరియాలు. గీత ఖచ్చితంగా ఉంటేనే బొమ్మ దూరానికి కనిపిస్తుంది, అందుకని ఈ పని చెయ్యి తిరిగినవాళ్ళకే ఇస్తారు. తర్వాత వాడిపోనివి: నాచు, రాతి మీది పాచి, బెరడు, గింజలు, పిల్ల జుట్టుకు గొర్రె ఉన్ని. చివరికి పూరేకులు. ఉన్ని, గవ్వ, రాయి వాడొచ్చా లేదా అన్నది ఊరూరికీ మారుతుంది. కొన్ని ఊళ్ళల్లో మొలిచినదే తప్ప ఇంకేదీ ఒప్పుకోరు. ఇక్కడ ఉన్ని ఒప్పుకున్నారు, గొర్రెల ఊరు కదా.

నాకు ఆకాశం ఇచ్చారు. హైడ్రేంజియా పువ్వులోంచి ఒక్కో రేకు విడదీసి, బొటనవేలితో పై అంచు మట్టిలోకి ఒత్తాలి. కింది వరస పూర్తయ్యాక పై వరస, పై రేకు కింది రేకును సగం కప్పేలా. ఇంటి కప్పు మీద పెంకులు పరిచినట్టే, ఎందుకంటే రేపు వాన కురిస్తే నీళ్ళు రేకు మీది నుంచి రేకు మీదికి జారిపోవాలి తప్ప మట్టిలోకి దిగకూడదు. పై నుంచి మొదలుపెట్టావో మొత్తం పాడు. చేతి వెడల్పు ఆకాశానికి గంట పట్టింది. నీలం అంటే ఒకే నీలం కాదు. మా పెరటి పూలు ముదురు, పక్కావిడవి ఊదా కలిసినవి. ఏవి కిందికి, ఏవి పైకి అన్నది ఆవిడ కళ్ళు చిన్నవి చేసి దూరంగా నిలబడి చూసి చెప్పేది. కొండ దగ్గర లేత రంగు పెట్టించింది, పైకి పోయేకొద్దీ ముదురు. నిజమే, ఆకాశం అలాగే ఉంటుంది.

వంగి వంగి నడుము పట్టేస్తుంది, ఆ మాట ముందే చెప్పాలి. వేలి కొసలు చల్లబడి మొద్దుబారతాయి. మట్టి ఆరకుండా మధ్యమధ్య నీళ్ళు చల్లుతుండాలి, ఒత్తని చోట తడి గుడ్డ కప్పాలి. రేకులు వాడిపోతాయి కాబట్టి ముందు రోజే కోసి పెట్టుకోవడానికి లేదు. అందుకే చివరి రెండు రోజులూ పని రాత్రి దాకా సాగుతుంది. ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు ఏడింటికి చేరి పదకొండు దాకా ఉండేవాళ్ళు. బడి పిల్లలు, రిటైరైనవాళ్ళు, పబ్బులో పనిచేసే కుర్రాడు, చర్చికి ఎప్పుడూ వెళ్ళనని నాతో గట్టిగా చెప్పిన ఒకాయన, చర్చిలో పాడే ఆవిడ. అందరూ ఒకే బల్ల చుట్టూ. తలెత్తి ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, చేతులు ఆడుతుంటే మాటలు ఎంత తేలిగ్గా వస్తాయో. ఒకావిడ భర్త పోయిన సంగతి అక్కడే, రేకులు ఒత్తుతూ చెప్పింది. ఇక్కడికి వచ్చి ఇన్నేళ్ళయినా ఇంగ్లీషువాళ్ళు దగ్గరికి రానివ్వరనే మాట మన స్నేహితుల్లో వింటుంటాను. నేనూ కొంత నమ్మాను. బహుశా ఎదురెదురుగా సోఫాల్లో కూర్చుని పరిచయం కావాలంటే కష్టమే. పక్కపక్కన నిలబడి పని చేస్తే దారి దొరుకుతుంది.

గునుగు, తంగేడు గురించి అడిగారు. ఫోన్‌లో మా వాడకట్టు బతుకమ్మ ఫోటోలు చూపించాను. పూలు కట్టి చివరికి నీళ్ళలో వదులుతామంటే ఆ ముసలాయన ఆసక్తిగా వరసగా ప్రశ్నలు వేశారు. లోపల మట్టి ఉండదా, మరి ఎలా నిలబడుతుంది, అడుగున ఏ ఆకు పరుస్తారు, ఎంత ఎత్తు దాకా పేర్చగలరు అని. పనివాడి ప్రశ్నలు. చెప్పడానికి చాలా సంతోషం వేసింది.

నిలబెట్టే రోజు తెల్లవారకముందే మొదలైంది. పడుకోబెట్టి ఉన్నన్నాళ్ళూ పలక మట్టి ఎక్కడికీ పోదు. నిలువుగా లేపితే తన బరువుకు తానే కిందికి జారవచ్చు. అందుకే ఎత్తే ముందు ఎవరూ మాట్లాడరు. ఒకరు లెక్క చెబితే అందరూ ఒకేసారి ఎత్తుతారు. ట్రాక్టరు ట్రాలీ మీద, వెనకాల మనుషులు పట్టుకుని నడుస్తూ, మనిషి నడకకన్నా నెమ్మదిగా తీసుకెళ్ళారు. తొట్టి వెనక కట్టె చట్రానికి బిగించారు. రెండు చోట్ల రేకులు రాలాయి. ఒక పెద్దావిడ నిచ్చెన మీద నిలబడి, జేబులోంచి రేకులు తీసి ఒత్తి దిగింది. తర్వాత వికార్, అంటే ఊరి చర్చి బోధకుడు, వచ్చి నీళ్ళకు ఆశీర్వాదం చదివారు. బ్యాండు వాయించారు. మాకు దూరం నుంచి చూస్తే అప్పుడు మొదటిసారి బొమ్మ బొమ్మలా కనిపించింది. బల్ల మీద తలకిందుగా, ముక్కలు ముక్కలుగానే చూశాం కదా అప్పటిదాకా.

ఆగస్టు ఆఖరి ఆదివారాన్ని అక్కడ ప్లేగు సండే అంటారు. ఊరు మూసుకుని రెండు వందల ఏళ్ళు నిండిన 1866లో మొదలైన స్మరణ ఇది. కేథరిన్ సమాధి మీద పూల చక్రం ఉంచి, ఊరంతా కకెట్ డెల్ఫ్ లోయకు నడిచి వెళ్ళి, ఆ పచ్చిక మీద, ఆ రాతి తోరణం ముందు ప్రార్థన చేస్తారు. మేమూ నడిచాం. స్టోనీ మిడిల్టన్ కుర్రాడు రోలండ్ టోర్, ఈమ్ పిల్ల ఎమ్మట్ సిడాల్ ఒకరినొకరు దూరం నుంచి చూసుకోవడానికి వచ్చేవారని చెప్పే చోటు కూడా ఇదే. 1666 వసంతంలో ఎమ్మట్ పోయింది. దారులు తెరుచుకున్నాక ముందుగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళలో రోలండ్ ఒకడంటారు. చర్చి లోపల చనిపోయినవాళ్ళ పేర్ల పుస్తకం ఉంది. మొత్తం రెండు వందల అరవై మంది. ఆఖరివాడు అబ్రహాం మోర్టన్, నవంబరు 1. ఊళ్ళో మొదట ఉన్నది మూడు వందల యాభై మందేనని పాత పుస్తకాల్లో ఉంటుంది, తర్వాత చేసిన లెక్కలు ఏడు వందల దాకా ఉండొచ్చంటున్నాయి. ఏ లెక్క తీసుకున్నా ఆ పేర్లలో అదే ఇంటిపేరు వరసగా వస్తుంటే చదవలేం.

స్టాన్లీ సంగతి ఒకటి చెప్పి తీరాలి. ప్లేగు అయిపోయాక చట్టం ఒప్పుకోని బోధకుడు ఊళ్ళో ఎందుకు, పంపేయమని కొందరు ఎర్ల్‌ను అడిగారట. ఇంత చేసిన మనిషికి దేశమంతా కృతజ్ఞత చూపాలి కానీ వెళ్ళగొడతారా అని ఆయన అన్నాడట. స్టాన్లీ 1670లో అదే ఊళ్ళో చనిపోయాడు. మాంపెస్సన్ వేరే చర్చికి, నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఈక్రింగ్‌కు వెళ్ళిపోయాడు. ఊరి వాళ్ళతో మాట్లాడితే స్టాన్లీ పేరు ఎత్తినప్పుడు గొంతులో తేడా వినిపిస్తుంది. ఆయన మనవాడు అన్నట్టు.

వారం తర్వాత పలక దించారు. నేను చివరి సాయంత్రం వెళ్ళాను. పూరేకులన్నీ గోధుమరంగుకు తిరిగాయి, ఆకాశం కూడా. గింజలను పక్షులు ఏరుకుపోయాయి. మట్టిని గరిటెలతో గీకి తొట్లలోకి వేశారు, కుళ్ళిన రేకులు ఏరి పారేశారు. మంచి మట్టి కదా, మళ్ళీ ఏడాదికి పనికొస్తుంది. హుండీ డబ్బాలో పోగైన డబ్బు ఊరి పనులకు, కొంత ఒక ధర్మ సంస్థకు వెళ్తుందని చెప్పారు.

షెఫీల్డ్, నాటింగ్‌హామ్, మాంచెస్టర్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకు ఒక మాట. పూరేకులు ఒత్తే పనికి ప్రతి ఊళ్ళోనూ మనుషుల కొరతే. చేసేవాళ్ళలో ఎక్కువమంది పెద్దవయసువాళ్ళు, మట్టి కలపడం తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. టిస్సింగ్టన్‌లో మే నెలలో, అసెన్షన్ (క్రీస్తు స్వర్గారోహణ) పండగ చుట్టూ మొదలై ఈమ్ దాకా ఎండాకాలమంతా ఏదో ఒక ఊళ్ళో జరుగుతూనే ఉంటుంది. నిలబెట్టే రోజుకు ముందు రెండు మూడు రోజుల్లో వెళ్ళండి, చూసి వచ్చేయకుండా ఏదైనా పని ఉందా అని అడగండి. పిల్లల్ని తీసుకెళ్ళండి, వాళ్ళకు మట్టి తొక్కే పని ఇస్తారు. గోళ్ళు కత్తిరించుకోండి. పెరట్లో హైడ్రేంజియా ఉంటే జులై నుంచి కోయకుండా ఉంచండి, నీలం రంగు ఎప్పుడూ చాలదు. వచ్చే ఏడాది ఉప్పు కలిపేటప్పుడు పక్కన నిలబడి నేర్చుకోమని నన్ను పిలిచారు.